గీత అవతలి నుంచి అందించిన జవాబులు

శనివారం పొద్దున్న లేవగానే నాకు భయం మొదలవుతుంది. మా అమ్మాయి రగ్బీలో చేరినప్పటి నుంచీ ఇంతే. వెల్లింగ్టన్ చలికాలంలో దక్షిణపు గాలి కిటికీలను దబదబా కొడుతుంటుంది. మా పిల్ల గదిలో బూట్లు వెతుక్కుంటూ ఉంటుంది. నేను వంటింట్లో ఉప్మా కలుపుతూ, ఈ గాలికి ఇవాళ్టి ఆట రద్దయితే బావుండు స్వామీ అని దణ్ణం పెట్టుకుంటాను. ఈ ఊళ్ళో గాలికి ఆటలు ఆపేస్తే ఏడాదిలో ఒక్క ఆట కూడా జరగదు. ఆ సంగతి తెలిసే అడుగుతాను.

నా భయం ఊరికే పుట్టింది కాదు. జాన్సన్‌విల్‌లో చిన్నపిల్లల్ని చూసుకునే సెంటర్‌లో నా ఉద్యోగం. అక్కడ పిల్లాడు మోకాలు గీరుకుంటే బ్యాండేజీ వేసి ముద్దు చేస్తే సరిపోతుంది. తలకి తగిలితే మాత్రం, బల్ల కింద నుంచి లేస్తూ కొంచెం తగిలించుకున్నా సరే, వెంటనే తల్లికి ఫోన్ చెయ్యాలి. "ఏడవట్లేదండీ, చక్కగా ఆడుకుంటున్నాడు, కానీ తల కదా, మీకు చెప్పాలి" అని ఎందరు తల్లులతో అన్నానో లెక్కలేదు. అలాంటి దాన్ని, శనివారం వచ్చేసరికి మైదానం చుట్టూ కట్టిన తాడు వెనకాల నిలబడి, నా కన్నకూతురు పరిగెత్తుకుంటూ వెళ్ళి తనకి రెండింతలున్న పిల్ల మోకాళ్ళకి తల అడ్డం పెడుతుంటే చప్పట్లు కొట్టాలి. కొట్టకపోతే పక్కనున్న తల్లులు జాలిగా చూస్తారు.

అసలు దాన్ని ఈ ఆటలోకి దింపింది గాలే అంటారు మా ఆయన. ఆయన చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయిన మనిషి. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ క్రికెట్ తప్ప ఇంకో ఆట మొహం చూసి ఎరగరు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఐటీ కాంట్రాక్టులు చేసుకుంటూ, సాయంత్రం కూతుర్ని పార్కుకి తీసుకెళ్ళేవారు. ఒకరోజు అక్కడ ఎవరో వదిలేసిన కోడిగుడ్డు ఆకారపు బంతిని ఇది తన్నింది. అది ఎదురుగాలిలో కూడా సూటిగా రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్ళింది. ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయారట. ఆ రోజు నుంచీ తండ్రీకూతుళ్ళకి అదే లోకం. ఇది తన్నడం, ఆయన పరిగెత్తి తేవడం. నలభై దాటాక మా ఆయనకి బొజ్జ తగ్గిందంటే ఆ బంతి పుణ్యమే.

ఇక్కడ హైస్కూలునే కాలేజీ అంటారు. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి కాలేజీ జట్టులో ఆట నడిపించేదీ, గోలుకి తన్నేదీ మా పిల్లే అయింది. జాన్సన్‌విల్ తెలుగు ఆంటీలు మాత్రం నా దగ్గర మొహమాటం లేకుండా అనేవాళ్ళు, "ఆడపిల్ల కదమ్మా, ఏ మూతో ముక్కో పగిలితే?" అని. నేను పైకి నవ్వేదాన్ని. మూతీ ముక్కూ అయితే నాకు బెంగ లేదు, అతికించుకోవచ్చు. నా బెంగల్లా ఆ పైనున్న దాని గురించే.

ఆ ఏడాది జూలైలో కోచ్ మమ్మల్నిద్దర్నీ పక్కకి పిలిచి, దక్షిణ దీవిలోని డునెడిన్ నుంచి ఒకావిడ వస్తోందని చెప్పాడు. ఇలా ఊరూరా తిరిగే మనుషులుంటారని నాకు అప్పుడే తెలిసింది. ప్రాంతం మొత్తంలో హైస్కూలు పిల్లలు ఎవరు బాగా ఆడుతున్నారో చూసి, నచ్చినవాళ్ళని యూనివర్సిటీ చదువుకి తీసుకెళతారు. హాస్టల్లో చోటు, ఫీజులో సాయం, అక్కడి జట్టులో స్థానం. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూస్తారు కాబోలనుకున్నాను. ఈ ప్రాంతం నుంచి ఒక్కరినే తీసుకుంటారట. ఆవిడ చూసేది ఒక్క ఆటే, వచ్చే శనివారం ఆట.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరి మొహం చూసినా పరీక్ష మొహమే. అది అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చి చీకటి పడేదాకా బంతులు మోశారు. నాకేమో రెండు రకాల భయాలు. అది ఎంపిక కాకపోతే దాని గుండె పగులుతుందని ఒకటి. ఎంపికైతే ఇంకో నాలుగేళ్ళు, ఇంకా పెద్ద పిల్లలతో, నేను చూడలేనంత దూరంలో ఆడుతుందని ఇంకొకటి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమండీ, దాన్ని కాస్త జాగ్రత్తగా ఆడమని చెప్పండి," అన్నాను శుక్రవారం సాయంత్రం.

"జాగ్రత్తగా ఆడితే ఆవిడ ఎందుకు తీసుకుంటుంది?" అన్నారాయన. అదీ నిజమే.

ఆట అవతలి జట్టు గ్రౌండులో, కొండ మీద. చినుకులు పడుతున్నాయి. డునెడిన్ ఆవిడ జుట్టు నెరిసిన మనిషి, మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులోంచి టీ తాగుతూ కూర్చుంది. ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. మా పిల్ల తన్నిన మొదటి బంతి సరిగ్గా మధ్య నుంచి వెళ్ళినప్పుడు కూడా ఫ్లాస్కు మూత బిగించుకుంటూ ఉంది. మా ఆయన మాత్రం ఆవిడనే చూస్తున్నారు. ఆట చూడ్డం మానేసి ఆవిడ కనుబొమ్మలు చూస్తున్నారు.

రెండో సగంలో మా వాళ్ళు కొంచెం ముందున్నారు. అప్పుడే మా పిల్ల ఇంకో గోలు తన్నింది. ఆ తర్వాత కాసేపటికే అవతలి జట్టులో ఒక బలమైన పిల్ల బంతి చంకలో పెట్టుకుని నేరుగా దూసుకొచ్చింది. మా పిల్ల పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. కాళ్ళు పట్టి పడెయ్యడానికి వంగింది. ఆ పిల్ల మోకాలు దీని కణత మీద తగిలింది. ఆ చప్పుడు నాకు వినిపించిందని చెబితే మా ఆయన ఒప్పుకోరు, అంత దూరం నుంచి వినపడదంటారు. నాకు వినిపించింది.

అది లేచింది. లేచేసరికి చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. కానీ లేచి అవతలి జట్టు పిల్లల వైపు నడిచి, వాళ్ళ వరసలో నిలబడబోయింది. వాళ్ళలో ఒకమ్మాయి భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

జట్టు ఫిజియో చిన్న వయసు అమ్మాయి, మంచి పిల్ల. పరిగెత్తుకెళ్ళి మా అమ్మాయిని మైదానం అంచు గీత దగ్గరికి నడిపించుకొచ్చింది. సరిగ్గా మేము నిలబడ్డ చోటికే. మధ్యలో తాడు ఒక్కటే. తలకి దెబ్బ తగిలిన పిల్లని అక్కడ కొన్ని ప్రశ్నలు అడుగుతారు. చిన్న ప్రశ్నలే. జవాబు తడబడితే ఆట నుంచి తప్పించాలి.

"మనం ఇవాళ ఎక్కడ ఆడుతున్నాం?" అని అడిగింది ఫిజియో.

మా పిల్ల ఆమె మొహంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా తల తిప్పి మా వైపు చూసింది.

"వాళ్ళ గ్రౌండులో తల్లీ, కొండ మీద. బస్సులో వచ్చారు కదా," అన్నారు మా ఆయన, మెల్లగా, తెలుగులో.

"వాళ్ళ గ్రౌండులో. కొండ మీద. బస్సులో వచ్చాం," అంది మా పిల్ల, ఇంగ్లీషులో.

మొదట నాకు ఏం జరిగిందో తట్టలేదు. ఎందుకంటే ఇది మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ జరుగుతున్నదే. ఇండియా నుంచి వీడియో కాల్ వస్తే, అవతల పెద్దమ్మ "ఏం తిన్నావమ్మా" అంటే, ఫోను వెనకాల నిలబడి ఆయన అందిస్తారు. ఉగాదికి కమ్యూనిటీ హాల్లో పిల్లలు పద్యాలు చెబుతుంటే మొదటి వరసలో కూర్చుని ఆయన పెదవులు కదుపుతారు. ఆయనొక్కరే కాదు, ఇక్కడి తెలుగు తల్లిదండ్రులందరూ అంతే. స్టేజీ మీద పిల్ల నోరు తెరిచి తడబడితే, కింద పదిమంది ఒకేసారి అందిస్తారు. పిల్ల పరువు మన పరువు కదా. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం రాదుగానీ అర్థమవుతుంది. మనం తెలుగులో అందిస్తే వాళ్ళు ఇంగ్లీషులో అప్పజెబుతారు. ఆ పని మా తండ్రీకూతుళ్ళకి కళ్ళు మూసుకుని చేసేంత అలవాటు.

"ఇప్పుడు మొదటి సగమా, రెండోదా?"

"రెండోది."

"రెండోది."

"ఆఖరి పాయింట్లు ఎవరు చేశారు?"

"నువ్వే తల్లీ. నువ్వే తన్నావు."

"నేనే. నేనే తన్నాను," అంది మా పిల్ల. ఆ మాట అన్నప్పుడు దాని గొంతులో సంతోషం లేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

ఫిజియో మా ఆయన వైపు చూసి నవ్వింది. కూతురికి ధైర్యం చెబుతున్నాడనుకుంది పాపం. "మీ నాన్న చాలా మంచివాడు," అంది మా పిల్లతో. తర్వాత నిలబడి రెఫరీ వైపు చెయ్యి ఊపబోయింది, ఫరవాలేదు, లోపలికి వస్తోందని చెప్పడానికి.

నేను మా ఆయన మొహం చూశాను. ఆ మొహంలో మోసమేమీ లేదు. నిజంగా లేదు. డునెడిన్ ఆవిడ కుర్చీలో ముందుకి వంగి ఇటే చూస్తోంది, ఆయన అది చూశారు, అంతే. మా పిల్ల పళ్ళకి పెట్టుకునే రబ్బరు తొడుగుని నోట్లో పెట్టుకుంటోంది. తలకిందులుగా పెట్టుకుంది. తీసింది. మళ్ళీ తలకిందులుగానే పెట్టుకుంది. రోజూ పెట్టుకునేది.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. నోరు విప్పుదామంటే ఎన్ని భయాలు. దాని ఆశ నా చేతులతో నేనే తుంచేస్తానేమోనన్న భయం. నేను పొరబడ్డానేమో, దానికేం కాలేదేమో అన్న భయం. ఇంతమంది తెల్లవాళ్ళ ముందు మొగుణ్ణి పట్టివ్వడమంటే మాటలా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మమ్మ ఊరికే అనలేదు. ఇవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. కానీ దాని కళ్ళు చూశాను. ఆ కళ్ళు నా వైపే ఉన్నాయిగానీ నన్ను చూడట్లేదు. సెంటర్‌లో పరాయి పిల్లలకి ఇలా ఉంటే వెంటనే తల్లికి ఫోన్ చేసేదాన్ని, ఇక్కడ ఫోన్ చెయ్యాల్సిన ఆ తల్లిని నేనే.

తాడు దాటాను. ఒంటి మీద చీర లేదుగానీ, చీర కాళ్ళకి చుట్టుకున్నట్టు తడబడ్డాను. ఫిజియో చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో చెప్పాను. "జవాబులు మా ఆయన చెప్పారు. మా భాషలో. దానికి ఒక్కటి కూడా తెలీదు."

ఫిజియో నా మొహం చూసింది, మా ఆయన మొహం చూసింది. నేరుగా రెఫరీ దగ్గరికి వెళ్ళింది. రెఫరీ జేబులోంచి నీలం కార్డు తీసి ఎత్తాడు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉందంటే చూపించే కార్డు అది. అది చూపిస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టరు ఒప్పుకునేదాకా మళ్ళీ దిగడానికి లేదు. డునెడిన్ ఆవిడ వెనక్కి వాలి కూర్చుంది. మా పిల్ల నీలం కార్డు చూసి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏం పని చేశావే నువ్వు," అన్నారు మా ఆయన. అరవలేదు. అరిచినా బావుండేది.

కారు ఎక్కించి ఆసుపత్రికి బయల్దేరాం. నేను దాని పక్కన వెనక సీట్లో కూర్చున్నాను. కొండ దిగుతుండగా అది అడిగింది, "నేనెందుకు ఆడట్లేదు? నన్నెవరు ఆపారు?"

"నేనే ఆపమన్నానమ్మలూ. నీ తలకి దెబ్బ తగిలింది," అన్నాను.

అది నా చెయ్యి విదిలించుకుంది. ఎందుకలా చేశావు, ఆవిడ చూస్తోంది కదా, ఆవిడ నా కోసమే వచ్చింది కదా అని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మోటర్‌వే ఎక్కేసరికి ఏడుపు ఆపి, కిటికీలోంచి చూస్తూ, మామూలు గొంతుతో అడిగింది.

"నేనెందుకు ఆడట్లేదు? నన్నెవరు ఆపారు?"

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే విదిలింపు, అవే మాటలు, అదే వరసలో, అదే ఏడుపు. ఇందాక ఏడ్చినట్టు దానికి తెలీదు. అప్పుడు అద్దంలో మా ఆయన కళ్ళు కనిపించాయి. అప్పటిదాకా కోపంగా ఉన్న మనిషి. పక్క లేనులోకి మారి కారు నెమ్మది చేశారు.

మూడోసారి కూడా అది అదే అడిగింది. మళ్ళీ అదంతా దాని మొహంలో మొదట్నుంచీ చూడ్డానికి నాకు ధైర్యం లేకపోయింది.

"నేను ఆపించాను తల్లీ," అన్నారాయన ముందు నుంచి. "నేనే."

"నాన్నా, నువ్వా?" అంది అది. ఆ గొంతు నేను మరిచిపోలేను. ఈసారి అది నా వైపు ఒరిగి, నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆసుపత్రి వచ్చేదాకా ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లూ ఆయనే చెప్పారు, "నేనే."

ఎమర్జెన్సీలో కుర్చీల్లో కూర్చున్నంతసేపూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దాన్ని స్కాన్‌కి తీసుకెళ్ళినప్పుడు ఆయన గోడకి తల ఆనించి, "నాకేం తెలుసు, నాకేం తెలుసు" అని తనలో తను అనుకున్నారు. లోపల రక్తం కారలేదని డాక్టరు చెప్పాడు. మెదడు బాగా కదిలింది, కొన్ని వారాలు పూర్తి విశ్రాంతి కావాలన్నాడు. "వెంటనే బయటికి తీసుకురావడం మంచిదైంది. ఇవాళే ఇంకో దెబ్బ తగిలుంటే మనం ఇలా మాట్లాడుకుంటూ ఉండకపోవచ్చు," అన్నాడు మెత్తగా. మా ఆయన లేచి నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి, చాలాసేపు రాలేదు.

డునెడిన్ చోటు అదే జట్టులోని ఇంకో అమ్మాయికి వెళ్ళింది. మా పిల్లకి ప్రాణస్నేహితురాలు, బాణంలా పరిగెత్తే పిల్ల. డునెడిన్ ఆవిడ మా అమ్మాయి త్వరగా కోలుకోవాలని కోచ్‌తో కబురు పంపింది, అంతే. వచ్చే ఏడాది చూద్దామని ఏమీ అనలేదు.

కర్టెన్లు మూసిన గదిలో, ఫోనూ టీవీ లేకుండా వారాలు గడిపింది మా పిల్ల. ఆట రోజు సంగతి దానికి ఇంచుమించు ఏమీ గుర్తులేదనుకున్నాను, నాన్న "నేనే" అన్న మాట తప్ప. అది మాత్రం మేకు దిగినట్టు దిగింది. నేను తీసుకెళితే తినేది, ఆయన తీసుకెళితే గోడ వైపు తిరిగి పడుకునేది. రోజూ కూతురి కోసం బంతులు మోసిన మనిషి, గుమ్మం దగ్గర కంచం పట్టుకుని నిలబడి వెనక్కి వచ్చేవారు.

"నిజం చెప్పెయ్యండి. ఆపింది నేనని చెప్పండి," అన్నాను.

"వద్దు. నువ్వు పెడితే తింటోంది కదా. ఆ కోపం నా మీదే ఉండనీ," అన్నారు. కంచం గట్టు మీద పెట్టి, "నాకు ఆమాత్రం పడాలిలే," అన్నారు.

దాచినంత మాత్రాన దాగుతుందా. తల నొప్పి తగ్గాక ఒక ఆదివారం ఆ స్నేహితురాలు చూడ్డానికొచ్చింది. వాళ్ళిద్దరూ గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ పిల్ల వెళ్ళిపోయాక మా అమ్మాయి వంటింట్లోకొచ్చి, నేను దోసెలు పోస్తుంటే గట్టుకి ఆనుకుని నిలబడింది. అది ఎప్పటిలా ఇంగ్లీషులోనే మాట్లాడింది, నేను నా మాటల్లో రాస్తున్నాను.

"తాడు దాటి వచ్చింది నువ్వట కదా."

"అవును."

"మరి నాన్న ఎందుకు అబద్ధం చెప్పాడు?"

దీనికి జవాబు చెప్పాలంటే ఆ ముందు జరిగింది కూడా చెప్పాలి. ఆయన హాల్లోనే ఉన్నారు. చెప్పనా వద్దా అని నేను గరిటె తిప్పుతూ నిలబడితే, అదే అంది.

"నాన్న నాకు జవాబులు చెప్పాడు. నాకు తెలుసు. మైదానంలో జరిగినదాంట్లో అదొక్కటి గుర్తుంది."

"గుర్తుందా?"

"నేనెక్కడున్నానో తెలీలేదమ్మా. ఆ అమ్మాయి ఎవరో తెలీలేదు, ఒంటి మీద ఆ చొక్కా ఎందుకుందో తెలీలేదు. నాన్న గొంతు వినిపించింది. ఆయన ఏదో అంటున్నాడు, నేను అదే అంటున్నాను. నాన్న ఉన్నాడు కదా అనుకున్నాను. నాకసలు భయం వెయ్యలేదు."

హాల్లో మా ఆయన వింటున్నారని నాకు తెలుసు. పేపరు తిప్పే చప్పుడు ఆగిపోయింది. పెనం మీద దోసె మాడుతోంది, తియ్యాలని తెలుసుగానీ చెయ్యి కదల్లేదు. నేను తాడు దాటకపోయి ఉంటే, ఆ గొంతు నమ్మి నా పిల్ల ఏ భయమూ లేకుండా ఆ గీత దాటి లోపలికి వెళ్ళిపోయేది.